పిలుపును పేరును

దీపము పెట్టిన వేళ తలుపు తట్టిన చప్పుడైనచో, ఇంటిలోని పెద్దలు మొదట అడుగునది "ఎవరది?" అను ప్రశ్నయే. ఆ ప్రశ్న అమర్యాద కాదు. ఇంటిలో పిల్లలు, స్త్రీలు, వృద్ధులు ఉందురు. వచ్చినవాఁ డెవఁడో తెలియక గడియ తీయుట వివేకము కాదు. అట్లని వచ్చినవానిని వాకిట నిలిపి, కులమేమి, గోత్రమేమి, ఏ పనిమీఁద తిరుగుచున్నావు అని వీథివారందఱు వినునట్లు ప్రశ్నించుటయు మర్యాద కాదు. అతిథిని గోత్రమును, చదువును అడుగరాదని పరాశరస్మృతి చెప్పుచున్నది. గడియకు లోపల నున్నవానికి ఒక హక్కు కలదు. వెలుపల నున్నవానికిని ఒక హక్కు కలదు. ఈ రెంటికిని పొందిక కుదుర్చుట యెట్లు? సెల్లుఫోను మ్రోఁగినప్పుడెల్ల మన ముందఱ నిలుచుచున్న ప్రశ్న యిదియే.

మన యితిహాసములు ఈ ప్రశ్నకు రెండు ప్రక్కలను చూపినవి. పర్ణశాల వాకిట నిలిచి భిక్ష యడిగినవాఁడు సన్న్యాసి కాఁడు, రావణుఁడు. ఆతని నిజమైన పేరు ముందుగా తెలిసియున్నచో సీతమ్మ యాతని నంత యాదరించియుండదు. ఇది పేరు తెలియకపోవుటవలని కీడు. విరాటుని కొలువునందు కంకుఁడు, వలలుఁడు, సైరంధ్రి అను పేర్లతో ఏఁడాదిపాటు తల దాఁచుకొన్నవారు మోసగాండ్రు కారు, పాండవులును ద్రౌపదియు. వారి పేర్లు వెల్లడియైనచో మరల పండ్రెండేండ్ల వనవాసము వారికి ప్రాప్తించియుండును. ఇది పేరు మఱుగుననుండుటవలని మేలు. కావున పేరు దాఁచిన ప్రతివాఁడును దొంగ యనుటయు, పేరడిగిన ప్రతివాఁడును దుర్మార్గుఁ డనుటయు రెండును తొందరపాటు మాటలే.

మేము కొంతకాలము అరకులోయ చుట్టునున్న కొండలయందు ఉపాధ్యాయవృత్తిలో నుంటిమి. ఈ విషయమును గూర్చిన మా యాలోచన యక్కడనే మొదలైనది. పేరు చెప్పుట, పేరు వ్రాయించుకొనుట, పేరు దాఁచుట అను మూఁడింటికిని ఆ కొండలలో పెద్ద చరిత్ర కలదు.

1922వ సంవత్సరము ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుఠాణాలపై అల్లూరి సీతారామరాజుగారు తమ యనుచరులతో దాడి వెడలి తుపాకులను గొనిపోయిరి. గొనిపోయిన యాయుధముల పట్టీని ఠాణా పుస్తకములో తామే వ్రాసి సంతకము చేసిరని చెప్పుదురు. తరువాతి దాడులకు ముందుగనే వార్త పంపుచుండిరనియు, ఆ వార్తతో మిరపకాయలను జతపఱచుటచే దానికి మిరపకాయటపా యను పేరు వచ్చెననియు కొండలలోను మైదానమునందును నేఁటికిని చెప్పుకొందురు. ఆ కథలో ప్రజలు మెచ్చుకొన్నది ఏమి? బలవంతుఁడైన శత్రువునకు బలహీనుఁడు తన పేరు తానే ధైర్యముగా చెప్పుకొనుట. ఆ పేరును ఆయన నోటినుండి ఎవ్వరును లాగికొనలేదు.

అదే కాలమున మైదానప్రాంతములందు దీనికి సరిగా విరుద్ధమైన యాచార మొకటి నడుచుచుండెను. 1871లో పుట్టి, 1911లో మద్రాసు రాజధానికిని వ్యాపించిన నేరస్థజాతుల చట్టము కొన్ని కులములవారిని పుట్టుకతోనే దొంగలుగా లెక్కించెను. ఎఱుకలవారు మొదలగువారి పేర్లు పట్టీలలో నెక్కినవి, వ్రేలిముద్రలు తీసికొనఁబడినవి, ఊరు విడిచి పోవలెనన్న అధికారికి తెలుపవలసివచ్చెను. బాపట్ల దగ్గఱ స్టూవర్టుపురము వంటి నిర్బంధ నివాసములు ఏర్పడినవి. 1952లో ఆ చట్టము దేశమంతట రద్దయ్యెను. అయినను పట్టీలో నొకసారి యెక్కిన పేరునకు అంటిన మసి తరములు గడచినను పోలేదు. ఇక్కడ పేరు చెప్పుకొనఁబడలేదు, తీసికొనఁబడినది. పట్టీలో ఏమి వ్రాయఁబడినదో, దానిని ఎవరు చూచెదరో ఆ పేరుగలవానికి తెలియదు, దిద్దుకొనుటకు వలనుపడదు.

చెప్పిన పేరు వేఱు, తీసికొన్న పేరు వేఱు. ఈ భేదమును మనసునం దుంచుకొని టెలిఫోను చరిత్రను చూతము.

1882 జనవరి 28న కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో టెలిఫోను ఎక్స్ఛేంజీలు తెఱవఁబడినవి. ఆ దినములలో పిలిచినవాఁ డెవఁడో తెలిసికొనుటకు యంత్రము అక్కఱలేదు. నడుమ ఆపరేటరు ఉండెను. ట్రంకుకాలు కోరినవాఁడు తన సంఖ్యను, తాను కోరిన యూరిని చెప్పి, గంటలకొలఁది కాచుకొని కూర్చుండెడివాఁడు. ఫలానివారితోనే మాటలాడవలెనన్నచో పి.పి. కాలని వేఱుగా రుసుము కట్టవలసియుండెను. ఆపరేటరునకు ఊరివారి రహస్యములలో సగము తెలియుచుండెను. 1960లో కాన్పూరు లక్నో నగరముల నడుమ, ఆపరేటరుతో పనిలేకుండ దూరపు ఊళ్లకు నేరుగా అంకెలు త్రిప్పి మాటలాడు పద్ధతి మన దేశమున మొదలయ్యెను. నడిమి మనిషి తొలఁగెను, రహస్యము పెరిగెను. కాని గంట మ్రోఁగినప్పుడు అవతల నెవరున్నారో తెలియు దారియు పోయెను.

ఆ లోపమును తీర్చుటకు అమెరికాదేశమున పుట్టినదే కాలర్ ఐడీ. మొదటి గంటకును రెండవ గంటకును నడుమనున్న యరనిమిషమైన లేని విరామములో పిలిచిన సంఖ్యను తీఁగవెంట పంపి, చిన్న తెరపై చూపుట దాని పద్ధతి. 1980ల చివర న్యూజెర్సీ మొదలగు రాష్ట్రములలో నిది వ్యాపింపఁగా పెద్ద వివాదము పుట్టెను. రాత్రివేళల అసభ్యపు మాటలతో వేధింపఁబడు స్త్రీలు దీనిని కోరిరి. భర్త హింసకు తాళలేక శరణాలయము చేరిన స్త్రీలపక్షమువారు దీనికి వెఱచిరి. బిడ్డను పలుకరించుటకు ఇంటికి ఫోను చేసినచో శరణాలయపు సంఖ్య భర్తకు తెలిసిపోవును గదా! రెండు ప్రక్కలను నిలిచినది స్త్రీల క్షేమమే యని చదువరులు గమనింపవలెను. 1992లో పెన్సిల్వేనియా రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము, పిలుచువారి సమ్మతి లేకుండ సంఖ్యను చూపుట తమ రాష్ట్ర చట్టమునకు విరుద్ధమని తీర్పు చెప్పెను. తుదకు 1995 డిసెంబరు నుండి ఆ దేశమంతట నొక మధ్యేమార్గ మేర్పడెను. నక్షత్రపు గుర్తును, 67 అంకెను ముందుగా నొక్కినచో ఆ యొక్క పిలుపునకు సంఖ్య కనఁబడదు. అట్టి యనామక పిలుపులను స్వీకరింపకుండు సదుపాయము వినువానికిని కలదు. పిలుచువానికి మౌనము, వినువానికి తిరస్కారము. రెండు హక్కులును నిలిచినవి.

ఇఁక మన కొండలకు వత్తము. 2022 ఏప్రిల్ 4న పాడేరు ముఖ్యపట్టణముగా అల్లూరి సీతారామరాజు జిల్లా యేర్పడెను, అరకులోయ యిందులోనిదే. అంతకుముందు ఎన్నో పల్లెలవారు ఫోనులో మాటలాడవలెనన్న సంకేతము దొరకు గుట్టపైకి ఎక్కి పోవలసియుండెను. 2023 జూన్ 15న ఆంధ్రప్రదేశమున ఒక్కనాఁడే 100 సెల్లుటవర్లు ప్రారంభింపఁబడఁగా అందు 85 ఈ జిల్లాలోనివే. పురిటినొప్పుల వేళ వాహనమును పిలుచుటకును, కాఫీ మిరియముల ధర తెలిసికొనుటకును, విశాఖపట్టణమున చదువుకొను బిడ్డ గొంతు వినుటకును ఆ టవర్లు చేసిన మేలు చెప్పనలవి కాదు. వానివెంటనే మోసగాని గొంతును కొండ యెక్కెను.

మేమెఱిఁగిన కాఫీరైతు ఒకఁడు పంట యమ్మిన సొమ్మును బ్యాంకులో వేసికొనియుండెను. బ్యాంకునుండి యని యెవఁడో తియ్యని మాటలతో ఫోను చేసి, తెరపై వచ్చిన అంకెలను చెప్పించుకొని, ఏఁడాది కష్టమును ఒక్క నిమిషములో హరించెను. ఆ సంఖ్యకు ఎదురుగా నొక పేరు కనఁబడియున్నచో నా రైతు సంశయించియుండునేమో! పోలీసులమని, న్యాయాధికారులమని తెరపై వేషములు వేసికొని జనులను బెదరించి ధనము లాగు రావణులు నేఁడు దేశమంతట నున్నారు. 2024 అక్టోబరులో విదేశములనుండి మన దేశపు సంఖ్యలను మాఱుమొగముగా ధరించి వచ్చు పిలుపులను ఆపుటకు కేంద్రప్రభుత్వ మొక యేర్పాటు చేయఁగా, మొదటి 24 గంటలలోనే 1.35 కోట్ల పిలుపులు పట్టుబడినవని ప్రకటించిరి. కావున "ఎవరది?" అని యడుగవలసిన యవసరమును ఎవ్వరును కాదనఁజాలరు.

రెండవ యనుభవము వేఱు విధమైనది. మా పూర్వవిద్యార్థిని యొకతె ఆ కొండలలోనే ఆరోగ్య కార్యకర్తగా పని చేయుచున్నది. క్షయరోగులు మందు మానకుండ వారికి ఫోను చేసి హెచ్చరించుట ఆమె పనులలో నొకటి. ఎవరో ఆమె సంఖ్యకు తమ ఫోనులో "టీబీ అక్క" యని పేరు వ్రాసికొనిరి. కొన్నాళ్లకు ఒక గుర్తింపు సేవ ద్వారా ఆ పేరే ఇతరుల తెరలమీఁదను కనఁబడసాగెను. సంతలో నలుగురి నడుమ నిలిచినవాని ఫోను మ్రోఁగి, తెరపై "టీబీ అక్క" యని వెలిఁగినచో ప్రక్కవారు ఏమి తలఁతురు? ఇద్దఱు రోగులు ఆమె పిలుపునకు బదులు పలుకుట మానుకొనిరి. ఆమె మాతో ననిన మాట యిది: "మాస్టారూ, నా పేరు దాచుకోవాలని కాదండీ, వాళ్ల జబ్బు దాచాలని." పిలుచువాని పేరు వెల్లడియైనచో పిలువఁబడినవాని రహస్యమును వెల్లడి కావచ్చునని ఆమె చెప్పువఱకు మాకును తోఁపలేదు.

ఇట్టి గుర్తింపు సేవలలో ప్రసిద్ధమైన ట్రూకాలరును 2009లో స్వీడనుదేశపు స్టాక్‌హోము నగరమున ఇద్దఱు విద్యార్థులు ప్రారంభించిరి. నేఁడు దానిని ఎక్కువమంది వాడుచున్నది మన దేశమునందే. వాడుకరులు తమ పరిచితుల పట్టీలను పంచుకొనుటవలనను, తెలియని సంఖ్యకు పేరు సూచించుటవలనను, ఇది మోసపు సంఖ్యయని ఫిర్యాదు చేయుటవలనను ఇట్టి సేవలు పేర్లను కూర్చుకొనును. అందు మేలు లేకపోలేదు. వేలమంది చేసిన ఫిర్యాదు వేయిన్నొకటవవానిని కాపాడును. కాని నా పేరును పట్టీలో నెక్కించినవాఁడు నేను కాను, నా పరిచితుఁడు. తన ఫోనులో నున్న నూఱుమంది పేర్లను ఇచ్చివేయుటకు వాఁడొక్కఁడు "సరే" యని నొక్కిన చాలును. తక్కిన నూఱుమందిని అడిగినవారు లేరు. పేరు తొలఁగింపుమని కోరుటకు ట్రూకాలరువారు మార్గ మేర్పఱచిరి, నిజమే. తన పేరు అందున్నదనియే యెఱుఁగని కొండపల్లెవాఁడు తొలఁగింపుమని యెట్లు కోరును?

ఈ లోపములను చూచియే ప్రభుత్వము వేఱొక మార్గమును ఆలోచించినది. సిమ్ము కొనునప్పుడు దరఖాస్తుపై వ్రాసిన పేరునే, వినువాని తెరపై టెలిఫోను కంపెనీలే చూపవలెననునది ఆ మార్గము. దానికి సీఎన్ఏపీ యని పేరు. టెలిఫోను నియంత్రణసంస్థయైన ట్రాయి 2022 నవంబరులో దీనిపై ప్రజాభిప్రాయమును కోరి, 2024 ఫిబ్రవరిలో సిఫారసు చేసెను. కోరినవారికి మాత్రమే ఈ సేవ నీయవలెనని ఆనాఁటి సిఫారసు. అందఱికిని మొదటినుండియే ఇచ్చి, వలదన్నవారు మానుకొనునట్లు చేయవలెనని టెలికాము శాఖ తలఁచెను. 2025 అక్టోబరులో ట్రాయి యందుకు సమ్మతించెను. మొదట 4జీ, 5జీ ఫోనులకే యిది వర్తించును. ప్రాతకాలపు మీటల ఫోనునే నమ్ముకొన్న కొండరైతునకు, మోసగాని పేరు చూడవలసిన యవసరము అందఱికంటె ఎక్కువగా నున్నవానికి, ఇది చివరనే యందును.

ఊరుపేరులేని పరిచితులు సూచించిన పేరుకంటె దరఖాస్తులోని పేరు మేలని మేమును ఒప్పుకొందుము. కాని ఇందు మూఁడు చిక్కులు కలవు.

మొదటిది, ఆ పేరు మాటలాడువారి పేరగునా? 2019-21 నాఁటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము ఆంధ్రప్రదేశమున తాము స్వయముగా వాడుకొను సెల్లుఫోను గల స్త్రీలు సగముకంటె కొంచెము తక్కువ. వాడుకొనువారిలోను ఎందఱి సిమ్ములో భర్త పేరనో, అన్న పేరనో ఉండును. మేము పని చేసిన పల్లెలలో ఆధారపత్రములు సిద్ధముగా నున్న యొక్కని పేరనే ఇంటిల్లిపాది సిమ్ములును కొనుట సామాన్యము. తల్లి పిలిచినను తెరపై కొడుకు పేరే వెలుఁగును.

రెండవది, పేరు పేరుతో ఆఁగిపోదు. అరకు ప్రాంతపు గిరిజనుల యింటిపేర్లు వారి వంశచిహ్నములు. కిల్లో యనఁగా పులి, కొర్ర యనఁగా సూర్యుఁడు, పాంగి యనఁగా గ్రద్ద, వంతల యనఁగా పాము, గొల్లోరి యనఁగా కోఁతి. ఎంత యందమైన పేర్లు! కొండలో నవి గౌరవచిహ్నములు; ఏ వంశమువారు ఏ వంశముతో వియ్యమందవచ్చునో తెలుపు దారిదీపములు. కాని పట్టణమున అద్దెయిల్లు వెదకుకొను గిరిజన విద్యార్థిని ఫోను చేసినచో, ఆమె నోరు విప్పకముందే ఇంటిపేరు ఆమె తెగను చెప్పివేయును. అవతలివారు బదులు పలుకకపోయినచో కారణమడుగుటకు వలనుపడదు. కులమడుగరాదని మన సంస్కర్తలు నూఱేండ్లు బోధించిరి. అడుగకుండనే చెప్పు యంత్రమును మనము తెచ్చుకొనుచున్నాము.

మూఁడవది యన్నింటికంటె విచారింపఁదగినది. ట్రాయి సిఫారసు ప్రకారము అనేక సంఖ్యలు గల వ్యాపారసంస్థలు దరఖాస్తులోని పేరునకు బదులుగా తమ వ్యాపారనామమును కోరి చూపించుకొనవచ్చును. సంఖ్యను మఱుగుపఱచుకొను ప్రత్యేకానుమతి గల కొందఱి పేరు అసలు కనఁబడదు. వలదనుకొను స్వేచ్ఛ వినువానికి కలదు, చూడకుండుటకు. మఱి పిలుచు సామాన్యునకు? కంపెనీకి గల యెంపిక కొర్రవారి పిల్లకు లేదు. పెద్దయధికారికి దొరకు మఱుఁగు భర్త హింసనుండి పాఱిపోయి వచ్చిన యిల్లాలికి సులభముగా దొరకదు. పట్టీలను పెట్టువాఁడు బలవంతుఁడు, పట్టీలో పడువాఁడు బలహీనుఁడు అను ప్రాతకథ క్రొత్త యంత్రముతో మరల మొదలగుట లేదుగదా యని మా శంక.

మన న్యాయస్థానములు ఈ విషయమున మౌనముగా నుండలేదు. టెలిఫోను సంభాషణ పౌరుని స్వంతజీవితములో భాగమనియు, దానిని దొంగచాటుగా వినుట ఆ జీవితముపై దాడియనియు 1996లో సుప్రీముకోర్టు చెప్పెను. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు పుట్టస్వామిగారి వ్యాజ్యమున, స్వకీయజీవిత గోప్యత పౌరుల ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. ఆ హక్కు హద్దులేనిది కాదు. చట్టముండవలెను, న్యాయమైన ప్రయోజనముండవలెను, ప్రయోజనమునకు మించిన బిగింపు ఉండరాదు అని కొలబద్దను చేతికిచ్చిరి. 2023లో వ్యక్తుల సమాచారమును కాపాడు చట్టమును పార్లమెంటు చేసెను. అదే సంవత్సరపు టెలికాము చట్టము, పరుని వేషమున సిమ్ము సంపాదించినవానికి మూఁడేండ్లవఱకు కారాగారమును గాని, 50 లక్షలవఱకు జుల్మానాను గాని, రెంటినిగాని విధించును. దొంగను పట్టుటకు తగిన చట్టము కలదు. సాధువును కాపాడు పద్ధతియే యింకను కుదురవలసియున్నది.

ఆ పద్ధతి యెట్టిదై యుండవలెను? పట్టీలో నిజమైన పేరుండవలెను. మోసము జరిగిన నాఁడు చట్టప్రకారము విచారణకు అది దొరకవలెను. కాని నలుగురికి కనఁబడు పేరు ఎంతవఱకు కనఁబడవలెనో ఆ పేరుగలవారే నిర్ణయించుకొనవలెను. వ్యాపారసంస్థ కిచ్చిన యెంపికనే, మోసమునకు తావులేని హద్దులలో, ఇంటిపేరు విడిచి వాడుకపేరు మాత్రము చూపుకొనునట్లు సామాన్యులకును ఈయవలెను. ఆరోగ్య కార్యకర్త పిలుపును, శరణాలయమునుండి వచ్చు పిలుపును పేరు చూపకుండ చేరు దారి యుండవలెను. పేరులేని పిలుపును త్రోసివేయు హక్కు వినువానికి పూర్తిగా నుండవలెను. ఇంటివాఁడు గడియ తీయకపోవచ్చును. అయినను వచ్చినవాని జేబులు వెదకుటకు వానికి హక్కు లేదు.

ప్రభుత్వము చేయవలసిన పని యిట్లుండఁగా, మన గృహములయందు నేఁడే చేయఁదగిన పనులును కలవు. ఇంటిలో నెవరు వాడు సిమ్ము వారి పేరనే యుండునట్లు చూడవలెను. భార్యకు తన పేరనొక సంఖ్య యుండుట కూడ స్త్రీస్వాతంత్ర్యములో భాగమే. మన పేరన ఎన్ని సిమ్ములున్నవో సంచార్ సాథి ద్వారా తెలిసికొనవచ్చును. మనవి కానివానిని తొలఁగింపుమని కోరవచ్చును. పరిచితుల పట్టీని ఇమ్మని యేదేని సేవ కోరినప్పుడు, ఆ పట్టీ మనది కాదనియు, మనలను నమ్మి సంఖ్య నిచ్చినవారిదనియు ఒక్క క్షణము తలఁపవలెను. అన్నింటికంటె ముఖ్యముగా, ఒకరి సంఖ్య ప్రక్కన వారి రోగమును, అప్పును, కులమును వ్రాసికొను దురలవాటును మానవలెను. మన ఫోనులోనే యున్నదని తలఁచి వ్రాసిన మాట సంతలో వెలిఁగినది గదా!

ఆ యారోగ్య కార్యకర్త యిప్పుడు రోగులకు ఫోను చేయుట తగ్గించినది. వారమున కొకసారి గుట్టలెక్కి వారి యిండ్లకే పోవుచున్నది. వాకిట నిలిచి, "నేనేనమ్మా" యని మెల్లగా పిలుచును. లోపలివారు గొంతు గుర్తుపట్టి తలుపు తీయుదురు. కొండలమీఁద 85 టవర్లు నిలిచిన తరువాతను ఆమె కాలినడకనే నమ్ముకొనవలసివచ్చినచో, ఆ లోపము టవర్లది కాదు, పేరును గౌరవించుట యింకను నేర్వని మనది.